ఉపనగరములలో నల్లజాతి కుటుంబములు: ఆదరించు ఊరిని ఎన్నుకొను విధము

ఉన్న ఊరు విడిచి క్రొత్త ఊరు చేరు ప్రతి కుటుంబమునకును మొదట కలుగు సందేహ మొక్కటే. అచటివారు తమను కలుపుకొందురా, లేక ఎడముగా నుంతురా? మధుర, బెంగుళూరు, బరంపురము, షోలాపురము మున్నగు తావులలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల పెద్దలు ఈ సందేహమును చక్కగా ఎరిగినవారే. భాష వేరైనను, ఆచారములు కొంత వేరైనను, వారు కాలక్రమమున ఆ యా ఊళ్ళవారైరి.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నల్లజాతి కుటుంబమునకు ఈ సందేహము ఇంతకంటె కఠినమైనది. వారు ఆ దేశమునకు క్రొత్తవారు కారు. నాలుగు శతాబ్దములుగా ఆ నేలను దున్ని, ఆ నగరములను కట్టినవారి సంతతి. పొరుగువారి భాషయే వారి భాష. పెక్కుమందికి మతమును ఒక్కటియే. ఐనను ఉద్యోగరీత్యా ఒక ఉపనగరమునకు మారవలసి వచ్చినపుడు, ఇంటి ధరను, బడి దూరమును విచారించుటతో వారి పని ముగియదు. ఆ ఊరు తమ పిల్లల నెట్లు చూచునో కూడ విచారింపవలసి యున్నది. ఈ విచారణ ఏల అవసరమైనది, దానికి ఆధారములు ఎచట దొరకును, ఏ లక్షణములనుబట్టి ఒక ఊరు నిజముగా ఆదరించునదని చెప్పవచ్చును అనునవి ఈ వ్యాసమునకు విషయములు.

ఉపనగర స్వరూపము

అమెరికాలో పెద్ద నగరముల చుట్టును వెలసిన నివాస పట్టణములను ఉపనగరము లందురు. కుటుంబమున కొక ఇల్లు, ఇంటి చుట్టును కొంత పెరడు, పనికై రైలుమీదనో కారుమీదనో పోయి వచ్చుట వాని సామాన్య లక్షణములు. మన పట్టణముల శివారు పేటలకును వీనికిని ముఖ్యమైన భేదము కలదు. మన శివారు పేట తరచుగా కొంత కాలమునకు నగరములో కలిసిపోవును. అమెరికా ఉపనగరము పెక్కుచోట్ల తనదైన పురపాలక సంఘమును, తనదైన పోలీసు దళమును, ప్రత్యేకమైన పాఠశాలా మండలిని కలిగి నగరమునుండి విడిగానే నిలిచియుండును. పాఠశాలల వ్యయములో చాల భాగము స్థానికముగా ఇండ్లమీద వేయు పన్నులనుండి వచ్చును. కావున అచట ఇల్లు కొను కుటుంబము ఇంటితోపాటు పిల్లల బడిని, రాత్రివేళ వీధిలో తిరుగు పోలీసును, ముప్పది సంవత్సరముల తరువాత తమకు మిగులబోవు ఆస్తి విలువను కూడ ఎన్నుకొనుచున్నది. ఈ ఎన్నికలో పొరపాటు జరిగినచో నష్టపోవునది ఒక తరము మాత్రమే కాదు.

తలుపులు మూయబడిన విధము

ఏ ఊరిలో ఏ జాతివారు నివసింపవలెనో శాసించు పురపాలక నిబంధనలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 1917లో తీర్పు చెప్పెను. అంతట నిషేధము పురపాలక నిబంధనలనుండి తొలగి విక్రయ దస్తావేజులలోనికి ప్రవేశించెను. ఈ ఇంటిని నల్లజాతివారికి అమ్మరాదు, అద్దెకీయరాదు అని కొన్నవారును అమ్మినవారును వ్రాసికొనిరి. కొన్ని దస్తావేజులలో యూదులను, ఆసియావాసులను కూడ చేర్చిరి. 1948లో షెల్లీ, క్రేమర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు అట్టి షరతులను న్యాయస్థానములు అమలుపరుపరాదని నిర్ణయించెను. కాని అవి దస్తావేజులలో వ్రాతగా చాల కాలము నిలిచియే యుండెను.

ప్రభుత్వమును ఈ విషయమున తటస్థముగా లేదు. 1933లో ఏర్పడిన గృహఋణ సంస్థ రెండువందలకు పైగా నగరములకు పటములు గీయించి, ఋణము లిచ్చుటకు ప్రమాదకరములని తలచిన పేటలకు ఎర్రరంగు పూయించెను. నల్లజాతీయులు నివసించు పేటలు దాదాపుగా అన్నియు ఆ ఎర్రరంగు క్రిందికి వచ్చెను. 1934లో స్థాపితమైన ఫెడరల్ గృహనిర్మాణ సంస్థ బ్యాంకులిచ్చు గృహ ఋణములకు పూచీపడుచు, జాతి నిషేధ షరతులుగల పేటలనే మేలైనవిగా ఎంచెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము లక్షలాది శ్వేతజాతి కుటుంబములు స్వల్ప వడ్డీతో ఉపనగరములలో ఇండ్లు కొనగలిగెను. అదే యుద్ధమునుండి తిరిగివచ్చిన నల్లజాతి సైనికులకు ఆ వీధులలో అమ్మువారు లేరు. న్యూయార్కు సమీపమున 1947లో ఆరంభమైన లెవిట్‌టౌను ఇందులకు ప్రసిద్ధమైన ఉదాహరణము.

దీని ఫలము ఆ కాలముతో ముగియలేదు. అమెరికా మధ్యతరగతివారికి ఇల్లే ముఖ్యమైన ఆస్తి. 1950లో ఇల్లు కొన్న తండ్రి ఆ ఇంటి విలువ పెరుగగా పిల్లలను కళాశాలకు పంపెను, వారికి క్రొత్త ఇంటికి ముందుసొమ్ము నిచ్చెను. కొననీయబడని తండ్రి అద్దె రసీదులను మాత్రమే మిగిల్చెను.

మూడు సంఘటనలు

నిషేధమును దాటి వచ్చిన తొలి కుటుంబముల అనుభవము తెలిసికొనిననే గాని నేటి కుటుంబముల జాగ్రత్త అర్థము కాదు. పెర్సీ జూలియన్ సుప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుడు. 1899లో అలబామా రాష్ట్రమున జన్మించి, 1935లో ఫైసోస్టిగ్మైన్ అను నేత్రౌషధమును సంయోజన పద్ధతిని సిద్ధముచేసినవాడు. సోయా చిక్కుడునుండి హార్మోనులను విరివిగా తయారుచేయు మార్గమును చూపినవాడు. ఆయన 1950లో చికాగో ప్రక్కనున్న ఓక్ పార్కు అను ఉపనగరమున ఇల్లు కొనెను. కుటుంబ మింకను ఇంటిలో చేరకముందే ఆ సంవత్సరము నవంబరు మాసమున ఎవరో దానికి నిప్పు పెట్టిరి. 1951 జూనులో తల్లిదండ్రులు ఊరలేని సమయమున పిల్లలు నిద్రించు గది కిటికీ వెలుపల డైనమైటు ప్రేలెను. జూలియన్ ఇల్లు విడువలేదు. ఇరుగుపొరుగువారిలో అనేకులు ఆయన పక్షమున నిలిచిరి.

ఓక్ పార్కును ఆనుకొనియే సిసెరో అను పట్టణమున్నది. అదే 1951 జూలైలో హార్వీ క్లార్కు అను మాజీ సైనికుడు భార్యతోను ఇద్దరు పిల్లలతోను అచట ఒక వాటాను అద్దెకు తీసికొనెను. వేలాది జనము గుమిగూడి వారి సామగ్రిని కిటికీలనుండి వీధిలోనికి విసరి తగులబెట్టిరి. అల్లరి నణచుటకు రాష్ట్ర గవర్నరు సైనిక దళమును పంపవలసి వచ్చెను. ఆ పిదప స్థానిక గ్రాండ్ జ్యూరీ మొదట నేరము మోపినది అల్లరి చేసినవారిమీద కాదు. ఆ కుటుంబము పక్షమున నిలిచిన న్యాయవాదిమీదను, ఇల్లు అద్దెకిచ్చిన యజమానురాలిమీదను. తరువాత ఆ అభియోగములు కొట్టివేయబడెను. కాని క్లార్కు కుటుంబము ఆ ఇంట కాపురముండనేలేదు.

1957 ఆగస్టులో విలియం, డెయిసీ మైయర్స్ దంపతులు పిల్లలతో పెన్సిల్వేనియా రాష్ట్రములోని లెవిట్‌టౌనున చేరిరి. పదునేడు వేలకు పైగా ఇండ్లుగల ఆ క్రొత్త ఊరిలో నల్లజాతి కుటుంబ మంతకుముందు లేదు. పలురాత్రులు జనము ఇంటిముందు చేరి కేకలు వేసిరి, రాళ్ళు రువ్విరి. రాష్ట్ర పోలీసులును న్యాయస్థానమును కలుగజేసికొనినగాని శాంతి నెలకొనలేదు. ప్రక్కయింటి యూదు కుటుంబము మాత్రము మొదటినుండియు వారికి తోడై నిలిచెను.

ఈ మూడు సంఘటనలలోను ప్రధాన భేదము దౌర్జన్యమునందు లేదు. దౌర్జన్యము మూడు చోట్లను జరిగెను. అల్లరి ముగిసిన మరునాడు ఊరి పెద్దలు, అధికారులు, పొరుగువారు ఏమిచేసిరి అనుటయందే భేదము. ఊరిని పరీక్షించు నేటి కుటుంబమునకు ఉపయోగపడు మొదటి పాఠ మిదియే.

1968 నాటి చట్టము

మార్టిన్ లూథర్ కింగ్ 1966లో చికాగోలో గృహ స్వేచ్ఛకై ఊరేగింపులు జరిపెను. 1968 ఏప్రిలు 4న ఆయన హత్యకు గురియైన వారమునకు, ఏప్రిలు 11న, అధ్యక్షుడు జాన్సన్ గృహ సమానత్వ చట్టముపై సంతకము చేసెను. అమ్మకమునందు, అద్దెయందు, ఋణమునందు జాతినిబట్టి వివక్ష చూపుట చట్టవిరుద్ధమాయెను. అదే సంవత్సరము జూనులో, సెయింట్ లూయీ నగర శివారున ఒక నల్లజాతి కొనుగోలుదారునికి ఇల్లమ్మ నిరాకరించిన వ్యాజ్యమున, 1866 నాటి పౌరహక్కుల చట్టము సైతము అట్టి నిరాకరణను నిషేధించుచున్నదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1988లో చట్టమునకు మరింత బలము చేకూర్పబడెను. అన్యాయము పొందిన కుటుంబము ఒక సంవత్సరములోగా గృహ వ్యవహారముల శాఖకు ఫిర్యాదు చేయవచ్చును. రెండు సంవత్సరములలోగా న్యాయస్థానమున వ్యాజ్యము వేయవచ్చును.

చట్టము వచ్చిన పిమ్మట ముఖముమీద తలుపు వేయుట తగ్గి, దారి మళ్ళించుట హెచ్చెను. ఇండ్ల దళారి నల్లజాతి దంపతులకు ఒక ఊరి ఇండ్లను, అదే ఆదాయముగల శ్వేతజాతి దంపతులకు మరియొక ఊరి ఇండ్లను చూపును. మాటలో ఎట్టి అమర్యాదయు ఉండదు. దీనిని కనుగొనుటకు ఒకే తీరు ఆదాయముగల ఇరువురు పరీక్షకులను ఒకే దళారి వద్దకు పంపు పద్ధతి ఏర్పడినది. అట్టి పరీక్షకులు సైతము వ్యాజ్యము వేయవచ్చునని 1982లో సుప్రీంకోర్టు అంగీకరించెను. న్యూస్‌డే పత్రిక లాంగ్ ఐలెండులో మూడు సంవత్సరములు ఇట్టి పరీక్షలు జరిపి 2019 నవంబరులో ఫలితములను ప్రకటించెను. మొత్తము 86 పరీక్షలు. నల్లజాతి పరీక్షకులకు నూటికి 49 పరీక్షలలోను, హిస్పానిక్ పరీక్షకులకు 39 పరీక్షలలోను, ఆసియా సంతతివారికి 19 పరీక్షలలోను అసమానమైన ఆదరణ కనబడెను. ఈ చివరి అంకెను అమెరికాలోని తెలుగువారు సైతము గమనింపదగును.

మొదటి కుటుంబము, పదియవ కుటుంబము

చట్టము తలుపు తెరచినను మరియొక చిక్కు మిగిలియుండెను. వీధిలోనికి ఒక నల్లజాతి కుటుంబము రాగానే కొందరు దళారులు శ్వేతజాతి గృహస్థుల వద్దకు పోయి, ధరలు పడిపోవునని భయపెట్టి, ఇండ్లను చౌకగా అమ్మించి, వానినే నల్లజాతివారికి హెచ్చు ధరకు అమ్మిరి. అంతకుముందు శ్వేతజాతివారే నివసించిన పేటలు కొన్ని యేండ్లలో పూర్తిగా మారిపోయెను. వారు పోవుటతో వ్యాపారములును, బ్యాంకుల ఋణములును, పురపాలక సంఘపు శ్రద్ధయు తరలిపోయెను. మంచి బడిని కోరి వచ్చిన నల్లజాతి కుటుంబము ఆ బడి క్షీణించుటను కన్నులార చూడవలసి వచ్చెను. చికాగో పడమటి అంచుననున్న ఆస్టిన్ పేట 1960, 1970 దశకములలో ఇట్లే మారెను.

ఆస్టిన్ పేటకు ప్రక్కవీధి యనదగిన ఓక్ పార్కు మరియొక మార్గమును త్రొక్కెను. జూలియన్ ఇంటికి నిప్పుపెట్టిన ఊరే 1968 మే మాసమున స్వయముగా గృహ సమానత్వ నిబంధనను ఆమోదించెను. 1972లో రాబర్టా రేమండ్ అను స్థానికురాలు గృహ సలహా కేంద్రమును స్థాపించెను. అద్దె ఇల్లు కోరి వచ్చినవారికి తమ జాతివారే అధికముగానున్న వీధులనే గాక ఊరిలోని అన్ని భాగములను చూపుట ఆ కేంద్రపు పని. పురపాలక సంఘము తన క్రొత్త కార్యాలయమును ఊరి తూర్పు భాగమున, ఆస్టిన్ సరిహద్దుకు చేరువగా కట్టించి, ఆ వీధులను తాము విడిచిపోమని చేతలతో చాటెను. 1978లో ఇంటి విలువకు పూచీ నిచ్చు పథకమును నెలకొల్పెను. అందు చేరిన గృహస్థు ఐదు సంవత్సరముల తరువాత నష్టమునకు అమ్ముకొనవలసి వచ్చినచో, ఆ నష్టములో నూటికి ఎనుబది వంతుల వరకు ఊరు భరించును. ఆ పథకమున చేరినవారు కొద్దిమందియే. పూచీ యున్నదన్న నమ్మకమే భయమును చాలవరకు పోగొట్టెను. 1970లో ఓక్ పార్కు జనాభాలో నల్లజాతివారు నూటికి ఒక్కరు కూడ లేరు. 2000 నాటికి నూటికి ఇరువదిమందిని మించిరి. ఊరు తలక్రిందులు కాలేదు.

ఒహాయో రాష్ట్రమున క్లీవ్‌లెండు ప్రక్కనున్న షేకర్ హైట్సు చరిత్రయు ఇట్టిదే. 1956లో ఆ ప్రాంతములోని లడ్లో పేటలో ఒక నల్లజాతి న్యాయవాది కట్టించుకొనుచున్న ఇంటివద్ద బాంబు ప్రేలెను. శ్వేతజాతి, నల్లజాతి పొరుగువారు కలిసి శుభ్రముచేయ పూనుకొని, ఒకరి యింట నొకరు కూర్చుండి మాటాడుకొని, 1957లో పేట సంఘమును ఏర్పరచిరి. క్రొత్తగా వచ్చు శ్వేతజాతివారికి ఋణసహాయము చేసి, పేట ఒకేజాతి పేట కాకుండ కాపాడిరి. న్యూజెర్సీలోని మేపిల్‌వుడ్, సౌత్ ఆరెంజి పట్టణములలో 1996లో ఇట్టి సంఘమే ఏర్పడెను.

ఈ ఊళ్ళ చరిత్రనుండి తేలు సారాంశము స్పష్టము. మొదటి కుటుంబమును సహించుట సులభము. కొందరికి అది గర్వకారణము కూడ. పదియవ కుటుంబము, నూరవ కుటుంబము వచ్చినపుడు ఊరు ఏమిచేసెనో అదియే దాని ఆదరణకు కొలత. చిరునవ్వులు మనుష్యులతో వచ్చి మనుష్యులతో పోవును. నియమములు, సంఘములు, వానికై ఏటేట కేటాయించు సొమ్ము మాత్రము నిలిచియుండును.

ఎన్నుకొను కుటుంబము పరిశీలింపదగినవి

మొదట జనాభా లెక్కలను చూడవలెను. దళారి ఒక ఊరిలో ఏ జాతివారు ఎందరున్నారో చెప్పుట చట్టరీత్యా చిక్కులు తెచ్చును. కావున ఆ పని కుటుంబమే చేసికొనవలెను. అమెరికా జనాభా శాఖ ప్రతి చిన్న ప్రాంతమునకును లెక్కలను ఉచితముగా ప్రకటించుచున్నది. ఒక సంవత్సరపు అంకె చాలదు. 1990, 2000, 2010, 2020 లెక్కలను వరుసగా పెట్టి చూచినచో ఊరి నడక తెలియును. నల్లజాతివారి సంఖ్య క్రమముగా పెరిగి, శ్వేతజాతివారి సంఖ్య హఠాత్తుగా పడిపోయిన ఊరిలో భయము పనిచేసెనని ఊహింపవచ్చును. చికాగో దక్షిణమునగల మేటిసన్ అను ఊరు 1990 దశకమున శ్వేతజాతివారిని ఆకర్షించుటకు ప్రకటనలు సైతము వేయించెను. అయినను తరువాతి లెక్కలలో అది చాలవరకు నల్లజాతి ఊరే ఆయెను. ఊరి మొత్తము అంకెతోపాటు వీధివారీ అంకెలను కూడ చూడవలెను. ఊరిలో నలుపు తెలుపు సగము సగమున్నను, రైలుపట్టాలకు ఒక ప్రక్క ఒకరును మరియొక ప్రక్క మరియొకరును నివసించినచో అది కలిసియున్న ఊరు కాదు.

రెండవది బడి. బడి వాకిట అన్ని జాతుల పిల్లలు కనబడుట మంచిదే కాని, తరగతి గదిలోనికి కూడ చూడవలెను. ప్రజ్ఞావంతులకని ప్రత్యేకించిన పాఠములలో నల్లజాతి పిల్లలు ఎందరు? బడినుండి తాత్కాలికముగా వెలివేయబడినవారిలో ఎందరు? నల్లజాతి ఉపాధ్యాయులు ఎందరు? అమెరికా విద్యాశాఖ సేకరించు పౌరహక్కుల గణాంకములలో మొదటి రెండు ప్రశ్నలకు బడివారీగా సమాధానములు దొరకును. పేరుపొందిన ఊళ్ళయందును ఈ లోపము కలదు. ఓక్ పార్కు ఉన్నత పాఠశాలలోని అసమానతలను చూపు ‘అమెరికా టు మీ’ అను వాస్తవ చిత్రము 2018లో ప్రదర్శింపబడెను. షేకర్ హైట్సు పాఠశాలలు పిల్లలను స్థాయిలుగా విడదీయు పద్ధతిని 2020లో చాల తరగతులలో తొలగించెను. లోపము లేని ఊరిని వెదకుటకంటె, లోపమును బహిరంగముగా చర్చించు ఊరిని వెదకుట మేలు.

మూడవది పోలీసు వ్యవహారము. పదునారేండ్ల కుమారుడు డ్రైవింగు లైసెన్సు పొందిన దినమున ప్రతి నల్లజాతి తల్లియు పొందు భయము ఇతరులకు తెలియదు. వాహనములను ఆపిన సందర్భముల జాతివారీ లెక్కలను మిస్సోరీ రాష్ట్రము 2000 నుండియు, ఇల్లినాయి రాష్ట్రము 2004 నుండియు ప్రకటించుచున్నవి. ఆ లెక్కలను ఊరి జనాభాతో పోల్చి చూడవలెను. సెయింట్ లూయీ ఉపనగరమైన ఫెర్గుసన్ ఇందుకు నిదర్శనము. 2014లో అచట ఒక నల్లజాతి యువకుడు పోలీసు కాల్పులలో మరణించిన పిమ్మట కేంద్ర న్యాయశాఖ విచారణ జరిపి 2015 మార్చిలో నివేదిక వెలువరించెను. ఊరి జనాభాలో నల్లజాతివారు నూటికి 67 మంది. ఆపబడిన వాహనదారులలో 85 మంది. అరెస్టయినవారిలో 93 మంది. జరిమానాలతో ఊరి ఖజానాను నింపుకొను పద్ధతి ఇందుకు ఒక ముఖ్య కారణమని ఆ నివేదిక తేల్చెను. నల్లజాతివారు అధిక సంఖ్యాకులైనంత మాత్రమున ఊరు వారిదే యగునని తలచుట పొరపాటని దీనివలన తెలియుచున్నది. పురపాలక సభలో, పాఠశాలా మండలిలో, పోలీసు దళములో వారికి పాలెంత యున్నదో కూడ విచారింపవలెను.

నాలుగవది ఋణమును, ఇంటి మదింపును. 2020లో కాలిఫోర్నియాలోని మారిన్ సిటీలో ఒక నల్లజాతి దంపతుల ఇంటిని మదింపుదారు 9,95,000 డాలర్లకు విలువకట్టెను. వారు తమ కుటుంబ ఛాయాచిత్రములను గోడలనుండి తీసివేసి, శ్వేతజాతి స్నేహితురాలిని యజమానురాలిగా నిలిపి మరల మదింపు చేయించగా, అదే ఇల్లు 14,82,500 డాలర్లు పలికెను. వారు వేసిన వ్యాజ్యము 2023లో రాజీతో ముగిసెను. కావున ఇల్లు కొను కుటుంబము ఒకే బ్యాంకును నమ్ముకొనక రెండు మూడు చోట్ల ఋణపు షరతులను వ్రాతమూలకముగా పొందుట, మదింపు పత్రమును శ్రద్ధగా చదివి సందేహమున్నచో పునర్విచారణ కోరుట, దళారితో జరిగిన మాటలను తేదీలతో వ్రాసియుంచుకొనుట అవసరము. ఫిర్యాదు చేయవలసిన దినము వచ్చినచో ఆ వ్రాతలే సాక్ష్యము.

ఐదవది ఊరిలో తిరిగి చూచుట. అంకెలు చెప్పని సంగతులు కాళ్ళు చెప్పును. పగటివేళ ఒకమారు, రాత్రివేళ ఒకమారు, ఆదివారమున ఒకమారు ఆ ఊరికి పోవలెను. గ్రంథాలయమున, ఉద్యానవనమున, ఈతకొలనువద్ద పిల్లలు కలిసి ఆడుచున్నారా? నల్లజాతివారి జుట్టు తీరు తెలిసిన క్షౌరశాల ఎంతదూరమున నున్నది? వారి చర్చి యెచట? అచట పది సంవత్సరములుగా కాపురమున్న నల్లజాతి గృహిణి యేమందురు? ఇందు చివరి ప్రశ్నకు వచ్చు సమాధానము అన్నిటికంటె విలువైనది. తమ పిల్లలను ఒకచోట చేర్చుటకై నల్లజాతి తల్లులు 1938లో ఫిలడెల్ఫియాలో స్థాపించిన జాక్ అండ్ జిల్ సంస్థకు నేడు దేశమంతటను శాఖలున్నవి. అట్టి శాఖ దాపున ఉన్నదో లేదో పెక్కు కుటుంబములు ముందే విచారించును.

మరియొక ఎన్నిక

అన్ని కుటుంబములును మిశ్రమమైన ఊరినే కోరవు. తమవారే అధికముగానున్న సంపన్న ఉపనగరమును కోరువారును గలరు. వాషింగ్టను నగరము ప్రక్కనున్న ప్రిన్స్ జార్జెస్ కౌంటీ మేరీలెండు రాష్ట్రమున నున్నది. 1990 జనాభా లెక్కలనాటికి అచట నల్లజాతివారు సగమును మించిరి. ప్రభుత్వోద్యోగులు, వైద్యులు, న్యాయవాదులు, అధ్యాపకులు అచట విశాలమైన ఇండ్లు కట్టుకొనిరి. అచటి బాలునికి వైద్యుడును, న్యాయాధిపతియు, బడి పెద్దయు తనవంటివారే యగుట నిత్యానుభవము. తన్ను తాను వివరించుకొనవలసిన శ్రమ లేకుండ పెరుగుట ఎంతటి భాగ్యమో అల్పసంఖ్యాకులుగా జీవించినవారికి తెలియును.

ఐనను ఆ ఎన్నికకును వెల కలదు. 2008 ఆర్థిక సంక్షోభమున ఆ కౌంటీ తీవ్రముగా దెబ్బతినెను. మంచి ఆదాయముగల నల్లజాతి కుటుంబములకు సైతము హెచ్చు వడ్డీ ఋణములను అంటగట్టిన బ్యాంకులు దేశమున పలుచోట్ల నుండెను. అట్టివానిపై కేంద్ర న్యాయశాఖ తెచ్చిన వ్యాజ్యములు 2011, 2012 సంవత్సరములలో కోట్లాది డాలర్ల రాజీలతో ముగిసెను. 2010 లెక్కల నాటికి పెద్ద మహానగర ప్రాంతములలోని నల్లజాతీయులలో సగమునకు మించినవారు ఉపనగరవాసులే యైరి. కావున ఈ ఎన్నిక కొద్దిమంది ధనికుల సమస్యగా మిగులలేదు. ఒక జాతి మధ్యతరగతి నిలదొక్కుకొను ప్రశ్న యైనది.

పొరుగువారి కర్తవ్యము

1965లో అమెరికా తన వలస చట్టమును మార్చి, ఆసియావాసులపై నున్న పాత నిర్బంధములను తొలగించెను. ఆ చట్టము 1968 జూలై నుండి పూర్తిగా అమలులోనికి వచ్చెను. గృహ సమానత్వ చట్టమును 1968 నాటిదే. తెలుగు వైద్యులు, ఇంజనీర్లు ఆ తరువాతి దశకములలో ఉపనగరములలో ఇండ్లు కొనగలిగిరనగా, ఆ హక్కునకై అంతకుముందు దెబ్బలు తిన్నవారు నల్లజాతివారు. జూలియన్ ఇంటి కిటికీవద్ద ప్రేలిన డైనమైటునకు ఎదురు నిలిచిన ధైర్యములో తమకును వాటా యున్నదని అచటి తెలుగువారు గ్రహింపవలెను.

ఊరికి వెలిగా వాడను కట్టించి, ఆ వాడ మనుష్యునికి నడివీధిలో ఇల్లీయని ఆచారము తెలుగునాట అపరిచితము కాదు. కావున ఎడముగా నుంచుట యననేమో తెలుగువారికి ఎవరును క్రొత్తగా నేర్పనక్కరలేదు. సముద్రము దాటి పోయిన పిమ్మట ఆ పాతబుద్ధి వెంట వచ్చినదా లేదా అనుటకు పరీక్ష, ప్రక్కయింటిలోనికి నల్లజాతి కుటుంబము దిగిన దినముననే జరుగును. ఆ దినమున తలుపు తట్టి పలుకరించువారుందురు. ఇంటి విలువ లెక్కించుకొని దళారికి కబురుపెట్టువారును ఉందురు. పిల్లల బడిలో అన్ని జాతులవారు కలిసి కూర్చుండవలెనను ప్రతిపాదన మండలి యెదుటకు వచ్చినపుడు చేయి యెత్తువారుందురు. మౌనముగా నుండువారును ఉందురు.

ఆదరించు ఊరు ముందే తయారై యుండి దొరకునది కాదని ఓక్ పార్కు చరిత్ర తెలుపుచున్నది. బాంబు ప్రేలిన ఊరే, పదునేడు సంవత్సరములలో, నిబంధన వ్రాసికొన్న ఊరాయెను. అదే ఓక్ పార్కులో 2020 నాటికి నల్లజాతివారి పాలు కొంత తగ్గినది. సంపాదించుకొన్న సమత్వమును తరతరమును మరల కాపాడుకొనవలసి యున్నది. సమీపమునగల ఎవాన్‌స్టన్ నగరము 1919 నుండి 1969 వరకు తాను నల్లజాతివారికి గృహ విషయమున చేసిన అన్యాయమును అంగీకరించి, అర్హులైన కుటుంబములకు ఇంటికై 25,000 డాలర్ల చొప్పున ఇచ్చుటకు 2021 మార్చిలో తీర్మానించెను. తన తప్పును తానే వ్రాసియుంచుకొనగల ఊరిలో క్రొత్తగా వచ్చిన కుటుంబము సామాను దించుకొనవచ్చును. మిగిలినది ప్రక్కయింటివారి చేతిలో నున్నది.